మనసుకు మనమే వైద్యులమా? ఢిల్లీ అశోక శాసనాలలో, కురుదేశ సుత్తాలలో ఆత్మపరీక్ష

మనసు కలత చెందినప్పుడు ఏమి చేయాలో చెప్పే స్వయంసహాయ గ్రంథాలు నేడు ఏ పుస్తకాల దుకాణంలో చూసినా కనిపిస్తాయి. శ్వాసను గమనించడం, ఆలోచన వెంట పోకుండా దానిని చూస్తూ ఉండడం, కోపం కలిగినప్పుడు అది కోపమని గుర్తించడం వంటి సూచనలు వాటిలో తప్పక ఉంటాయి. ఆ సూచనలకు మూలం బౌద్ధమేనని వాటి రచయితలు సాధారణంగా అంగీకరిస్తారు. అయితే ఆ మూలం ఈ సూచనలను ఎవరిని ఉద్దేశించి చెప్పింది, ఏ ఏర్పాట్ల నడుమ చెప్పింది, వాటికి ఏ హద్దులు గీసింది అన్న ప్రశ్నలు ఆ గ్రంథాలలో అరుదుగా వస్తాయి. వాటికి సమాధానం వెదకవలసిన బాధ్యత చరిత్ర పరిశోధకులపైన, భిక్షుసంఘంపైన ఉంది.

ఈ ప్రశ్నలు పండిత గోష్ఠికి మాత్రమే పరిమితమైనవి కావు. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలోని వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. వారిలో చికిత్స అందనివారి వాటా రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం వరకు ఉంది. వైద్యం ఇంత దూరంగా ఉన్నచోట విహారం గాని, ధ్యానకేంద్రం గాని చాలామందికి మొదటి గడప అవుతుంది. ఆ గడపలో నిలబడినవారికి మనం ఏ సలహా ఇస్తామన్నది ప్రాణంతో ముడిపడిన విషయం.

ఈ పరిశీలనకు ఢిల్లీ పరిసరాలు అనువైన క్షేత్రం. మనిషి తన్ను తాను చూసుకోవాలని, తన ప్రయత్నంతో తాను పైకి రావాలని చెప్పిన అశోకుని రాతలు ఇక్కడ మూడు చోట్ల ఉన్నాయి. సతిపట్ఠాన సుత్తం వెలువడిన కురుదేశంలో ఈ ప్రాంతం భాగమని సంప్రదాయం చెబుతుంది. ఆ సుత్తానికి చెందిన సాధనను వేయిమంది ఖైదీలు ఒకేసారి అభ్యసించిన తీహార్ కారాగారం కూడా ఇక్కడిదే.

బహాపూర్ శిల: అల్పునికి కూడా సాధ్యమే

దక్షిణ ఢిల్లీలో శ్రీనివాస్‌పురికి సమీపాన, కాల్కాజీ ఆలయానికి ఎంతో దూరం లేని బహాపూర్ వద్ద ఆరావళీ శ్రేణికి చెందిన ఒక రాతి గుట్ట ఉంది. దాని వాలు ముఖం మీద 1966లో అశోకుని శాసనం బయటపడింది. ఆ ప్రాంతంలో గృహనిర్మాణం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. బండను పగలగొట్టి ఉంటే శాసనం కూడా కంకరలో కలిసిపోయేది. ఎం.సి. జోషి, బి.ఎం. పాండే దీనిని పరిశీలించి మరుసటి ఏడు ప్రకటించారు. పది పంక్తుల ఈ బ్రాహ్మీ శాసనం మొదటి లఘు శిలాశాసనానికి ఒక ప్రతి. ఇదే శాసనం కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి, రాజుల మందగిరి శిలల మీద కూడా ఉండడం తెలుగు పాఠకులకు తెలిసిన విషయమే.

ఇందులో రాజు తన గురించి తాను చెప్పుకున్న తీరు గమనించదగినది. ఉపాసకుడై రెండున్నర సంవత్సరాలకు పైగా అయినా మొదట్లో తాను గట్టిగా ప్రయత్నించలేదని, సంఘానికి దగ్గరైన తరువాత ఏడాదికి పైగా తీవ్రంగా కృషి చేశానని అతడు ఒప్పుకుంటాడు. ఆ కృషికి ఫలం గొప్పవారికి మాత్రమే దక్కేది కాదని, అల్పుడు కూడా ప్రయత్నిస్తే దానిని అందుకోగలడని ప్రకటిస్తాడు. అల్పులు, మహాత్ములు అందరూ ప్రయత్నించాలన్నదే ఈ ప్రకటన ఉద్దేశమని కూడా చెబుతాడు.

స్వయంకృషి గురించిన ఈ మాటలలో రెండు అంశాలున్నాయి. ఒకటి, సామర్థ్యం పుట్టుకతోనో హోదాతోనో రాదన్నది. రెండవది, ప్రయత్నం ఫలించడం మొదలైనది సంఘాన్ని సమీపించిన తరువాతనే అన్నది. స్వయంకృషిని పొగడేవారు మొదటి అంశాన్ని ఎత్తుకొని రెండవదాన్ని విడిచిపెడతారు. శాసనంలో మాత్రం అవి రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

బహాపూరే పాలి సుత్తాలలోని కమ్మాసదమ్మ నిగమమని కొందరు భక్తులు నమ్ముతారు. వారి నమ్మకాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. శాసనంలో ఆ ఊరి పేరు లేదు. సతిపట్ఠాన సుత్తం ప్రస్తావన కూడా లేదు. ఈ శిలకు ఉన్న విలువ దాని మీద చెక్కిన మాటల వల్ల వచ్చినది. దానికి లేని సాక్ష్యాన్ని అంటగడితే ఉన్న సాక్ష్యం పలచబడుతుంది.

తోప్రా స్తంభం: కష్టమైన చూపు

ఫిరోజ్‌షా కోట్లా శిథిలాల నడుమ అంచెల కట్టడం మీద నిలిచి ఉన్న ఇసుకరాతి స్తంభం ఎత్తు సుమారు 13 మీటర్లు. నేటి హర్యానాలోని తోప్రా నుంచి దీనిని 14వ శతాబ్దిలో ఫిరోజ్‌షా తుగ్లక్ తెప్పించాడు. చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ ఆ ప్రయాణాన్ని వివరంగా వర్ణించాడు. స్తంభం చుట్టూ బూరుగు దూది పరచి మెల్లగా దాని మీదకు వాల్చారు. రెల్లు, పచ్చితోళ్ళు చుట్టి 42 చక్రాల బండి మీద యమునా తీరానికి చేర్చి, పడవల మీద ఢిల్లీకి తెచ్చారు. దాని మీది రాతను చదవడానికి పండితులను పిలిపించారు గాని ఎవరివల్లా కాలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించే వరకు, అంటే నాలుగున్నర శతాబ్దాలకు పైగా, ఆ మాటలు నగరం నడుమ ఉండి కూడా ఎవరినీ పలకరించలేదు.

పట్టాభిషేకమైన 26 సంవత్సరాలకు చెక్కించిన ఆరు స్తంభశాసనాలలో మూడవది మన విషయానికి అత్యంత సన్నిహితం. మనిషి తాను చేసిన మంచినే చూసుకుంటాడనీ, చెడును చూసుకోడనీ అశోకుడు అందులో అంటాడు. అలా చూసుకోవడం కష్టమని చెప్పడానికి శాసనం వాడిన మాట ‘దుపటివేఖే’. పాలిలోని పచ్చవేక్ఖణకు, సంస్కృతంలోని ప్రత్యవేక్షణకు ఇది జ్ఞాతి పదం. అయినా చూసుకోక తప్పదని చెప్పి, మనిషిని పతనానికి తీసుకుపోయే ఐదింటిని శాసనం పేరుపేరునా లెక్కిస్తుంది. అవి చండియే, నిఠూలియే, కోధే, మానే, ఇస్యా. ఉగ్రత, నిష్ఠురత, క్రోధం, గర్వం, ఈర్ష్య అని మనం చెప్పుకోవచ్చు. వీటి వల్ల నన్ను నేను చెడగొట్టుకోకూడదు అనే సంకల్పాన్ని ఆ తరువాతి మాటలు చదివేవాని నోట పలికిస్తాయి.

ఈ ఐదూ నేరాలు కావు. ఏ ధర్మాసనం ముందూ వీటికి విచారణ ఉండదు. ఇవి మనసులో పుట్టి, వాటిని పట్టుకున్నవానికి మాత్రమే ముందుగా తెలిసే స్థితులు. ఒక సామ్రాజ్య పాలకుడు దండనీతికి అందని ఈ స్థితులను రాతి మీదకు ఎక్కించి, పరీక్షను ఎవరికి వారికే అప్పగించడం శాసన చరిత్రలో అరుదైన సంగతి.

మొదటి స్తంభశాసనం ఈ పరీక్షను ఒంటరిగా నిలపలేదు. ధర్మకామన, పరీక్ష, శుశ్రూష, పాపభీతి, ఉత్సాహం అనే ఐదూ తీవ్రంగా ఉంటే తప్ప ఇహపరాలలో మేలు దొరకదని అది చెబుతుంది. పరీక్ష ఐదింటిలో ఒకటి మాత్రమే. వినయంతో వినడం కూడా దాని పక్కనే ఉంది.

తోప్రా స్తంభం మీద మాత్రమే కనిపించే ఏడవ శాసనం, పట్టాభిషేకమైన 27 సంవత్సరాలకు చెక్కించినది, మరొక ముఖ్యమైన భేదాన్ని చూపుతుంది. జనులలో ధర్మం పెరగడానికి నియమం ఒక మార్గం, ‘నిఝతి’ మరొకటి. నిఝతి అంటే ఆలోచించి లోపల ఒప్పుకోవడం. వీటిలో నియమం స్వల్పమైనదని, నిఝతి వల్లనే ఎక్కువ ఫలం కలిగిందని రాజు తన అనుభవంగా చెప్పుకుంటాడు. అదే శాసనంలో దారుల వెంట నాటించిన మర్రిచెట్లు, మామిడి తోపులు, తవ్వించిన బావులు, ఏర్పాటు చేసిన విశ్రాంతి స్థలాల లెక్క కూడా ఉంది. లోపలికి చూసుకోమని చెప్పిన చేయే బయట నీడను, నీటిని ఏర్పాటు చేసింది.

ఢిల్లీ రిడ్జ్ మీద హిందూరావు ఆసుపత్రికి సమీపాన ఉన్న రెండవ స్తంభాన్ని కూడా ఫిరోజ్‌షాయే మీరట్ ప్రాంతం నుంచి తెప్పించాడు. 18వ శతాబ్ది తొలినాళ్ళలో ఫరూఖ్‌సియర్ కాలపు మందుగుండు పేలుడులో అది ఐదు ముక్కలైంది. 1867లో తిరిగి నిలబెట్టారు. అతుకులు నేటికీ కనిపిస్తాయి.

కురుదేశం: సుత్తం, అట్టకథ

మజ్ఝిమ నికాయంలోని సతిపట్ఠాన సుత్తం, దీఘ నికాయంలోని మహాసతిపట్ఠాన సుత్తం కురుదేశపు కమ్మాసదమ్మ నిగమంలో చెప్పినవి. మహానిదాన సుత్తం, మాగందియ సుత్తం కూడా అక్కడివే. ఇంత లోతైన ఉపదేశాలు కురుదేశంలో ఎందుకు వెలువడ్డాయన్న ప్రశ్నకు అట్టకథ ఆసక్తికరమైన జవాబు ఇస్తుంది. అక్కడి ఋతువులు, ఆహారం అనుకూలమైనవి కనుక జనుల శరీరాలు, మనసులు ఆరోగ్యంగా ఉండేవని, అందువల్ల గంభీర ఉపదేశాన్ని అందుకోగలిగారని దాని భావం. దాసదాసీలు, పనివారు కూడా సతిపట్ఠానం గురించి మాట్లాడుకునేవారట. నీళ్ళరేవులో, నూలు వడికే చోట ‘నీవు ఏ సతిపట్ఠానాన్ని అభ్యసిస్తున్నావు?’ అని ఒకరినొకరు అడిగేవారట. భిక్షుణుల వద్ద పెరిగిన చిలుక కూడా అస్థిసంజ్ఞను నేర్చినదని అట్టకథ కథ చెబుతుంది.

దీనిని చారిత్రక వృత్తాంతంగా తీసుకోనక్కరలేదు. అట్టకథాకారుని ఆలోచనాక్రమం మాత్రం విలువైనది. మనసును సాధన చేయాలంటే గాలి, తిండి, పరిసరాలు అనుకూలించాలని, సాధన గురించి ఇరుగుపొరుగు అడిగే సమాజం ఉండాలని ఆయన భావించాడు. శీతకాలపు ఢిల్లీ గాలిని ఎరిగినవారికి ఈ వాక్యం ఒక ప్రశ్నలా వినిపిస్తుంది. ఊపిరి మీద ధ్యానం నిలపమని చెప్పే మనం ఆ ఊపిరి ఎటువంటి గాలితో నిండుతున్నదో కూడా అడగవలసి ఉంది.

సుత్తంలోని పద్ధతి అశోకుని పరీక్షకు దగ్గరి చుట్టమే గాని రెండూ ఒకటి కావు. కాయం, వేదన, చిత్తం, ధమ్మాలు అనే నాలుగు ఆలంబనాలలో చిత్తానుపస్సన భాగం రాగం ఉన్న చిత్తాన్ని రాగం ఉన్నదిగా, ద్వేషం ఉన్నదానిని ద్వేషం ఉన్నదిగా, కుంచించుకున్నదానిని కుంచించుకున్నదిగా తెలుసుకోమంటుంది. ఐదు నీవరణాల విషయంలో ఇంకొంత ముందుకు పోతుంది. లేనిది ఎలా పుట్టింది, పుట్టినది ఎలా తొలగింది, తొలగినది ముందు ముందు ఎలా పుట్టకుండా ఉంటుంది అని కారణాన్ని పరిశీలించమంటుంది. అశోకుడు క్రోధాన్ని దోషంగా చూసి దూరం ఉండమన్నాడు. సుత్తం దానిని ముందుగా ఒక సంగతిగా చూడమంటుంది. మొదటిది గృహస్థుకు సరిపోయే నీతి పరీక్ష. రెండవది దుఃఖమూలాన్ని వెదికే సాధన.

సావత్థిలో చెప్పిన వితక్కసంఠాన సుత్తం మరింత ఆచరణాత్మకమైనది. చెడు ఆలోచన వదలనప్పుడు చేయవలసినవి ఐదు అది వరుసగా చెబుతుంది. వడ్రంగి చిన్న చీలతో పెద్ద చీలను కొట్టి తీసినట్టు మంచి ఆలోచనను దాని స్థానంలో పెట్టడం మొదటిది. దాని కీడును తలచడం, దానిపై మనసు పెట్టకపోవడం, దాని వేగాన్ని క్రమంగా తగ్గించడం తరువాతివి. ఏదీ పని చేయకపోతే పళ్ళు బిగించి మనసును అణచడం చివరిది. ఒకటి ఫలించకపోతే ఇంకొకటి అన్న ఈ క్రమమే ముఖ్యం. ఒకే మందు అందరికీ, అన్ని వేళలా పని చేస్తుందని సుత్తం ఎక్కడా హామీ ఇవ్వలేదు.

తనకు తానే ద్వీపం, అయితే ఒంటరి కాదు

స్వయంసహాయానికి ఆధారంగా అందరూ చూపేది మహాపరినిబ్బాన సుత్తంలోని ‘అత్తదీప’ అనే మాట. వైశాలి దగ్గర బేలువ గ్రామంలో, తీవ్రమైన జబ్బు నుంచి కోలుకున్న బుద్ధుడు ఆనందునితో చెప్పిన మాట అది. తనకు తాను ద్వీపంగా ఉండడమంటే ఏమిటో సుత్తమే వెంటనే వివరిస్తుంది. నాలుగు సతిపట్ఠానాలను అభ్యసించడమే ఆ వివరణ. కమ్మాసదమ్మం ఉపదేశం బేలువ ఉపదేశంతో ఇక్కడ కలుస్తుంది.

మరి ఇతరుల పాత్ర ఏమిటి? మేఘియుడనే భిక్షువు చక్కని మామిడి తోపును చూసి, వద్దన్నా వినక ఒంటరిగా సాధనకు వెళ్ళి, కామ, ద్వేష, హింసా వితర్కాలతో సతమతమై తిరిగి వచ్చాడు. పరిపాకం చెందని చిత్తానికి కావలసిన ఐదింటిలో మొదటిది కల్యాణమిత్రుడని బుద్ధుడు అతనికి చెప్పాడు. కల్యాణమిత్రత బ్రహ్మచర్యంలో సగమని ఆనందుడు అన్నప్పుడు సగం కాదు, సంపూర్ణమని సరిదిద్దాడు. సేదక సుత్తంలో గడ మీద సాము చేసే గురుశిష్యుల ఉపమానం వస్తుంది. గురువు ‘నీవు నన్ను కాపాడు, నేను నిన్ను కాపాడతాను’ అంటే, ఎవరి తూకం వారు చూసుకుంటేనే ఇద్దరమూ క్షేమంగా దిగుతామని శిష్యుడు అంటాడు. తన్ను కాపాడుకుంటే ఇతరులను కాపాడినట్టని, ఇతరులను కాపాడితే తన్ను కాపాడుకున్నట్టని సుత్తం రెండింటినీ కలుపుతుంది. మన ఊళ్ళలో గడసాము చూసినవారికి ఇందులోని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. తూకం ఎవరిది వారిదే, గడ మాత్రం ఇద్దరిదీ.

వైశాలి హెచ్చరిక, గగ్గుని మన్నింపు

ధ్యానం ఎప్పుడూ మేలే చేస్తుందనే భావనను త్రిపిటకమే ఖండిస్తుంది. వైశాలి మహావనంలో అశుభ భావనను విన్న భిక్షువులు కొందరు తమ శరీరాలను అసహ్యించుకొని ప్రాణాలు వదిలిన విషాద వృత్తాంతం వినయపిటకంలోనూ, సంయుత్త నికాయంలోనూ ఉంది. తరువాత బుద్ధుడు మిగిలిన సంఘాన్ని సమావేశపరచి ఆనాపానసతిని ఉపదేశించాడు. ఈ వృత్తాంతాన్ని ఎలా వ్యాఖ్యానించాలన్న విషయంలో పండితులలో భేదాలున్నాయి. ఒక్కటి మాత్రం స్పష్టం. తగని సాధన ప్రాణాంతకం కావచ్చని సంఘం తన గ్రంథాలలో దాచకుండా రాసుకుంది, సాధనను మార్చుకుంది.

రెండవ ఆధారం గగ్గుడనే భిక్షువుది. అతనికి మతి చలించింది. ఉపోసథం ఒకసారి గుర్తుండేది, ఒకసారి ఉండేది కాదు. సంఘం అతనికి ఉమ్మత్తక సమ్మతి ఇచ్చిందని మహావగ్గం చెబుతుంది. అంటే అతడు వచ్చినా రాకపోయినా సంఘకర్మ చెల్లుతుంది. మతి కుదుటపడిన తరువాత ఆనాటి చేష్టలను ఎత్తి చూపి కొందరు నిందించగా, అమూళ్హ వినయం ద్వారా సంఘం ఆ నిందను తొలగించిందని చూళవగ్గం చెబుతుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. అంగుత్తర నికాయంలోని ఒక సుత్తం రోగాలు రెండు విధాలని, కాయికం, చైతసికం అని విభజిస్తుంది. శరీర రోగం లేకుండా నూరేళ్ళు బ్రతికినవారు ఉండవచ్చు గాని, ఆస్రవాలు క్షయమైనవారు తప్ప మనోరోగం లేకుండా క్షణమైనా ఉన్నవారు దుర్లభమని అది అంటుంది. ఈ అర్థంలో పుథుజ్జనులందరూ రోగులే. గగ్గుని స్థితి అది కాదు. అతనికి మరింత శ్రద్ధగా ధ్యానం చేయమని సంఘం చెప్పలేదు. అతని బాధ్యతను తగ్గించింది, నింద నుంచి కాపాడింది. క్లేశం వేరు, ఉన్మాదం వేరని ఆనాటి సంఘానికి తెలుసు. ఈ రెండింటినీ కలిపివేస్తే తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవాడు తన సాధన చాలకనే ఇలా అయ్యానని మరింత కుంగిపోతాడు. అది మందు పేరుతో గాయం చేయడమే.

తీహార్: నాలుగు గోడల నడుమ

1993 చివరలో తీహార్ కారాగారంలో విపశ్యనా శిబిరాలు మొదలయ్యాయి. అప్పుడు కారాగారాల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్నది కిరణ్ బేడీ. 1994 ఏప్రిల్‌లో ఎస్.ఎన్. గోయెంకా స్వయంగా నడిపిన పది రోజుల శిబిరంలో వేయిమందికి పైగా ఖైదీలు కూర్చున్నారు. ఆ ఏడాదే అక్కడ శాశ్వత కేంద్రం ఏర్పడింది. దీనికి ముందే 1975లో జైపూర్ కేంద్ర కారాగారంలో ఇటువంటి శిబిరం జరిగింది.

అశోకుని స్తంభశాసనాలను ఎరిగినవారికి ఈ ఘటనలో ఒక పాత ప్రతిధ్వని వినిపిస్తుంది. మరణశిక్ష పడిన ఖైదీలకు మూడు రోజుల గడువు ఇచ్చినట్టు నాలుగవ శాసనం, 26 సంవత్సరాలలో 25 సార్లు ఖైదీలను విడిచిపెట్టినట్టు ఐదవ శాసనం చెబుతాయి. ఆ గడువులో బంధువులు అధికారుల చేత పునరాలోచన చేయించవచ్చని, ఖైదీలు దానం గాని ఉపవాసం గాని చేయవచ్చని నాలుగవ శాసనం భావం. బంధించబడినవానికి కూడా లోపలి మార్పుకు సమయం ఇవ్వాలన్న ఆలోచన ఈ నేల మీద కొత్తది కాదు.

అయితే తీహార్‌లో జరిగినది ఒంటరి స్వయంసహాయం కాదు. శిక్షణ పొందిన ఆచార్యులు, సేవకులు, నియత ఆహారం, మౌన నియమం, వేరు చేసిన స్థలం, సిబ్బంది సహకారం అన్నీ అమరిన తరువాతనే ఖైదీ తన శ్వాసను తాను చూడగలిగాడు. శీలం, ఆనాపానం, ఆ తరువాతనే వేదనల పరిశీలన అనే క్రమాన్ని తప్పలేదు. తీవ్ర మానసిక రుగ్మత ఉన్నవారికి దీర్ఘ శిబిరాలు తగవని విపశ్యనా కేంద్రాలు కూడా దరఖాస్తు దశలోనే చెబుతాయి. వైశాలి పాఠం ఆ పత్రంలో ఒక ప్రశ్నగా మిగిలి ఉందనుకోవచ్చు.

ఎర్రగుడి నుంచి ఒక సమాధానం

ఢిల్లీలో అడిగిన ప్రశ్నకు పూర్తి సమాధానం తెలుగునేల మీది ఎర్రగుడి గుట్ట మీద దొరుకుతుంది. గుత్తికి సమీపంలోని ఈ బండల మీద లఘు శిలాశాసనాలు, పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలు రెండూ ఉన్నాయి. లఘు శాసనంలోని కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు మార్చి మార్చి చెక్కి ఉండడం లిపి పరిశోధకులకు సుపరిచితమే. బహాపూర్‌లోని స్వయంకృషి సందేశం ఇక్కడ ఉంది. దానితోపాటు, మనుషులకు, పశువులకు రెండు విధాల చికిత్సను ఏర్పాటు చేశానని, ఔషధ మూలికలు లేనిచోట తెప్పించి నాటించానని చెప్పే రెండవ శిలాశాసనం కూడా ఉంది. నీ ప్రయత్నం నీవు చెయ్యి అన్న రాజే వైద్యం నేను చూస్తాను అని అదే గుట్ట మీద మాట ఇచ్చాడు. ఒకదాన్ని చూపి రెండవదాన్ని తప్పించుకోలేదు.

ఈ ఆధారాల నుంచి మన ఇరు వర్గాలకూ కొన్ని కర్తవ్యాలు తేలుతున్నాయి. వారసత్వ పరిశోధకులు ఈ స్థలాల వద్ద ఉంచే వివరణలలో స్థలపురాణాన్ని, శాసన పాఠాన్ని వేరువేరుగా చూపాలి. మూడవ స్తంభశాసనంలోని ఐదు మాటలను, వాటి అర్థాలను సందర్శకులకు అర్థమయ్యే భాషలలో కోట్లా వద్ద పెట్టగలిగితే, చదివినవారు ఆ రాతిని ఎక్కువసేపు చూస్తారు. ఆ కాసేపు తమను కూడా చూసుకోవచ్చు.

భిక్షువుల వద్దకు వచ్చేవారిలో దైనందిన కలతతో వచ్చేవారు ఎక్కువ. వారికి వితక్కసంఠానంలోని ఐదు ఉపాయాలు, ఆనాపానం, కల్యాణమిత్రుని సాంగత్యం నిజంగా మేలు చేస్తాయి. నిద్ర, ఆహారం వారాల తరబడి చెడినవారు, లేని గొంతులు వినిపిస్తున్నాయనేవారు, బ్రతకాలని లేదనేవారు గగ్గుని కోవకు చెందినవారు. వారిని దీర్ఘ ధ్యానంలో కూర్చోబెట్టకూడదు, ఒంటరిగా పంపకూడదు. ఢిల్లీలో షాదరా మానసిక వైద్యశాల స్థానంలో 1993లో ఏర్పడిన ఇహ్బాస్ వంటి ఆసుపత్రులున్నాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవ 14416 సంఖ్య మీద తెలుగు సహా అనేక భాషలలో రాత్రింబవళ్ళు అందుతుంది. ప్రతి విహారంలో ఈ సంఖ్య గోడ మీద కనిపించాలి. వైద్యుని వద్దకు తోడు వెళ్ళడం, మందు మానవద్దని చెప్పడం, కోలుకున్న తరువాత పాత చేష్టలను ఎత్తి చూపకపోవడం సంఘం చేయగలిగిన పనులు. వినయపిటకం వీటిలో చివరిదానికి విధివిధానాన్ని కూడా ఇచ్చింది.

మనసుకు మనమే వైద్యులమా అన్న ప్రశ్నకు ఈ రాళ్ళు, సుత్తాలు ఇచ్చే జవాబు సగం అవును, సగం కాదు. చూడవలసినది మనమే. మన తరఫున మన క్రోధాన్ని, ఈర్ష్యను చూసిపెట్టేవారు వేరే ఉండరు. ఆ చూపు నిలవడానికి కావలసిన మిత్రుడు, గురువు, ఆహారం, గాలి, అవసరమైతే మందు మాత్రం ఇతరుల నుంచి రావలసినవే. వాటిని అందించే బాధ్యత చుట్టూ ఉన్నవారిది, సంఘానిది, రాజ్యానిది.